చేతులు కడగని తీపి

పొద్దున్నే కాఫీ దగ్గర పేచీ. ఆయన చిన్న డబ్బీ టిక్కుమనిపించి కప్పులో రెండు తీపి మాత్రలు వేసుకున్నారు. ఆవిడ చక్కెర డబ్బా మూత తీశారు.

"చేతులు కడుక్కోని మనిషి కనిపెట్టిన తీపి మీది" అన్నారావిడ. అబద్ధం కాదు. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ప్రయోగశాల నుంచి వచ్చి రసాయన శాస్త్రవేత్త ఫాల్‌బర్గ్ అలాగే భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అదే శాకరిన్.

బరువు తగ్గడానికి ఇలాంటివి వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందనీ ఆవిడ గుర్తుచేశారు.

"షుగర్ ఉన్నవాళ్లకు ఆ మాట వర్తించదనీ చెప్పింది. నాకు షుగర్ ఉంది, అందుకే షుగర్ వద్దు!" (ఈ వాక్యం అర్థం కావాలంటే మన దేశంలో పుట్టాలి.)

గెలిచిన ఊపులో ఆయన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె విప్పారు. "బెల్లంవేలే" అన్నారు, మూడోది నోట్లో పెట్టుకుంటూ.