పువ్వు, తలుపు, బియ్యం

ఈ మూడు మాటలు గుర్తు పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది. నేను కల్పించినవి కావు. వృద్ధుల సమగ్ర సంరక్షణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిన చేతిపుస్తకంలో జ్ఞాపకశక్తి పరీక్షకు ఉదాహరణగా ఇచ్చినవే. ఆ తర్వాత కుర్చీ పరీక్ష: చేతులు ఆనించకుండా, 14 సెకన్లలో, ఐదుసార్లు లేచి కూర్చోవాలి. ఆపైన తిండి, చూపు, వినికిడి, మనసు. ఒకటి జారితే మిగతావీ జారుతాయి గనక ఆరింటినీ ఒక్కచోట కలిపి చూడమంటుంది. మంచి పుస్తకం. ఈ మాట వెటకారం లేకుండానే అంటున్నా.

వెటకారం మన దగ్గర మొదలవుతుంది. ఏటా అక్టోబర్ 1న, వృద్ధుల దినోత్సవ వేదిక మీద, 'మన జిల్లాలో పెద్దలకు సమగ్ర వైద్యం అందుతోంది' అన్న ప్రకటన వింటాం. శాలువా, ఫొటో, అరటిపండు. ఆ రోజు కుర్చీ పరీక్షలో ఫస్టున పాసయ్యేది వేదిక మీది అతిథులే. తమకంటే పెద్ద సారు వచ్చినప్పుడల్లా లేచి కూర్చోవడం వాళ్లకు అలవాటైన కసరత్తు.

మర్రిగూడ దిక్కు ఒక అవ్వను అనుకుందాం. బీపీ గోలీ ఒక దవాఖానల, షుగర్ గోలీ ఇంకో దవాఖానల, మోకాళ్లకు ఊరి ఆరెంపీ సూది, కంటికి నల్లగొండ. ఒకరు రాసింది మరొకరు చూడరు. ఇన్నిటినీ ఒక్కచోట కలిపే ఏర్పాటు మాత్రం పక్కాగా ఉంది. అది అవ్వ చంకలోని బట్టలషాపు కవరు. చీటీలు, ఎక్స్‌రే, సగం మింగిన గోలీల షీట్లు అన్నీ అందులోనే. ఇంతకన్నా సమగ్రం ఇంకేముంటుంది? గోలీలన్నీ కడుపులో కలిసి కళ్లు తిరిగితే, 'వయసు మీద పడ్డది గదమ్మా' అంటారు. ఈ ఒక్క మందూ అన్నిచోట్లా ఉచితం.

అసలు ఆ దిక్కు నడుము వంగడానికి వయసు దాకా ఆగిందెప్పుడు? ఫ్లోరైడ్ నీళ్లు తాగి నలభైలోనే మెడ తిరగని మనుషులున్న నేల. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ 1970లలో 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెడితే, ఆ పేరు టాంజానియా దాకా నడిచిపోయింది. మన మనుషులకు అరుగు దిగడమే కష్టమైంది. తర్వాత మిషన్ భగీరథ నల్లా నీళ్లొచ్చాయి, ఒప్పుకోవాల్సిందే. అయితే నీళ్లు మారినంత మాత్రాన ఎముకలో కూర్చున్నది లేచి పోదు. ఆ ఎముకలకిప్పుడు అరవై, డెబ్బై. సమస్య తీరిందని చెప్పిన రోజే ఆ మనుషులూ లెక్కలోంచి తీరిపోయారు.

ముసలితనంలో మనిషి డీలాపడటాన్ని గుర్తుపట్టే ఐదు ఆనవాళ్లను 2001లోనే అమెరికా డాక్టర్ లిండా ఫ్రీడ్ బృందం చెప్పింది: ఒళ్లు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే మనిషి కూలడానికి దగ్గరున్నట్టు. ముందే పసిగట్టి, కాళ్లకు బలమిచ్చే కసరత్తు చేయించి, పప్పూ గుడ్డూ తినిపించి, అక్కర్లేని గోలీలు మాన్పిస్తే చాలామంది మళ్లీ తేరుకుంటారు. చవక వైద్యం. ఆ చవకే దాని కొంప ముంచింది. ప్యాకేజీ లేని వైద్యాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు దాని పరిమితి 10 లక్షలు. డెబ్బై నిండినవాళ్లకు 2024 అక్టోబర్ నుంచి కేంద్రం 5 లక్షల కార్డు ఇస్తోంది. అవ్వ తుంటి ఎముకకు ఇంత ధర ఏనాడూ పలకలేదు. షరతు ఒక్కటే, అది విరగాలి. విరగని తుంటికి చిల్లిగవ్వ రాదు. జాలాట్లో పట్టుకోడానికి ఒక ఇనుప కడ్డీ, రెండు బోల్టులు బిగించమనండి, ఏ పద్దులో రాయాలో తెలియక ఫైలుకే కళ్లు తిరుగుతాయి.

కాగితం మీద కొరత లేదు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, పీహెచ్‌సీలో వారానికోసారి వృద్ధుల క్లినిక్, సబ్‌సెంటర్‌లో చేతికర్రలు, వాకర్లు ఉండాలి. కసరత్తు చేసింది సబ్‌సెంటర్ బోర్డు: ఉపకేంద్రం, వెల్‌నెస్ సెంటర్, పల్లె దవాఖాన, ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. నాలుగుసార్లు లేచి కూర్చుంది, చేతులు ఆనించకుండానే.

ఇక పరీక్ష. కోస్గి అవతల ఒక ఊరు, ఒక అవ్వ, ఫారం పట్టుకుని ఆశమ్మ. పాపం, ఆశమ్మకు ఇది ఆ రోజు ఎన్నో ఫారమో.

"అవ్వా, కుర్చీల కూసో."

"కుర్చీ యాడిది బిడ్డా, గద్దె మీద కూసుంట తియ్యి."

"ఇందాక మూడు మాటలు చెప్పిన, యాదికున్నయా?"

"బియ్యం అన్నవ్. ఆరు కిలోలు, సన్నయి. పప్పు ఎప్పుడిస్తరంట?"

"ఇంకా?"

"తలుపు. గా ఎదురింటిదే గదా, తాళమేసి బొంబాయి పోయిన్రు. మా ఇంట్ల పిల్లలు గూడ ఆడనే."

మూడోది అవ్వకు యాదికి రాలేదు. ఫారంలో 'పంపవలసిన చోటు' అని ఇంకో గడి ఉంది. ఆశమ్మ కాసేపు పెన్ను కొస కొరికి, అందులో ఒక గీత గీసి, కింద సంతకం చేసింది.