నోటికి సెలవులుండే కాలం

మా ఊరు రొళ్లలో ఇప్పుడు రాగి సంగటి తినాలంటే ఇంట్లో ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల. కుర్‌కురేకీ బిస్కట్లకీ ఆ బాధ లేదు. బస్టాండు కాడి నుంచి ఇంటికొచ్చేలోపు అంగడంగడికీ పెళ్లి తోరణాల మాదిరి వేలాడుతుంటాయి. ఐదు రూపాయలు చేతిలో ఉంటే చాలు, పిల్లోడి నోరు ఇంక మూతపడదు.

పోయినేడు మా మనవడికి దవడపన్ను పుచ్చితే హిందూపురం పిల్చుకుపోయినాం. ఆరేళ్లప్పుడు వచ్చిన పెద్ద పన్ను, పాలపన్ను కాదు. పోతే మళ్లీ రాదు. డాక్టరమ్మ ‘ఏం తింటాడు?’ అని అడగలేదు. ‘రోజుకు ఎన్నిసార్లు తింటాడు?’ అనింది. మా కోడలు లెక్క మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసింది. నాకు మాత్రం ఆ ప్రశ్న భలే నచ్చింది. నేను ఇన్నాళ్లుగా గొణుగుతున్నది అదే కదా!

మా రోజుల్లో తీపి లేదని ఎవరన్నారు? హిందూపురం బెల్లం మండీ పేరు ఈ సీమంతా తెలుసు. ఉగాదికి ఓళిగలు, నెయ్యి పోసుకుని, కూర్చున్నోళ్లు లేవలేనంత తినేవాళ్లం. కానీ తిన్నాక నోరు కడుక్కుంటే మళ్లీ పొద్దుగూకే దాకా ఏమీ ఉండేది కాదు. అది మా నిగ్రహం కాదులే, ఇంట్లో ఏమీ లేకపోవడం. పొద్దున సంగటి, ఊరిబిండి. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర పులుసు. దీపాలు పెట్టే వేళకు మళ్లీ అదే. చలికాలం అనపకాయలొస్తే పితుకుపప్పు. మధ్యలో ఆకలేస్తే చెట్టు మీద చింతకాయ ఉంది, చేను గట్టున చెనక్కాయ ఉంది, కుండలో నీళ్లున్నాయి.

పళ్ల సంగతి ఏమంటే, తీపో పిండిపదార్థమో నోట్లో పడిన ప్రతిసారీ అక్కడి క్రిములు దాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. పంటిపైన పింగాణీ పొర కాసేపు మెత్తబడుతుంది. ఉమ్మి వచ్చి ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని మళ్లీ పూడ్చాలంటే అరగంట నుంచి గంట పడుతుంది. ఆ గంట అయ్యేలోపే ఇంకో బిస్కట్టు పడితే? మళ్లీ మొదటికే. ఓళిగ ఒక పూట చేసే నష్టం కంటే, జేబులో పెట్టుకుని బడయ్యేదాకా చప్పరించే చాక్లెట్టు చేసే నష్టం ఎక్కువ. రాత్రి నిద్రలో ఉమ్మి ఊరడమే తగ్గిపోతుంది. అందుకే పడుకునేముందు చక్కెర, చాక్లెట్ పొడి కలిపిన పాలు తాపి పిల్లల్ని అట్లే పడుకోబెట్టడం అన్నిటికన్నా చేటు. అది బలానికని తాపుతారు తల్లులు!

సంగటి ఎట్ల పోయిందో నాకు బాగా గుర్తుంది. 1983లో ఎన్టీఆరు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినాడు. తర్వాత మా హిందూపురం నుంచే మూడుసార్లు గెలిచినాడు, కాబట్టి ఆయన్ను నేనేమీ అనను. పండక్కి మాత్రమే కనిపించే వరన్నం రోజూ పళ్లెంలోకి వస్తే ఎవరు కాదంటారు? కానీ వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటే, తెల్లబియ్యంలో పది దాటితే గొప్ప. పిల్లలకు పళ్లూ ఎముకలూ కట్టే వయసులోనే కంచంలోంచి రాగి వెళ్లిపోయింది. మళ్లీ 2023లో బడి పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ అన్నారు. బెల్లం వేసి పోసినారు సరే, తాగినాక నోరు పుక్కిలించమని కూడా చెప్పుంటే ఇంకా బాగుండేది.

నిద్ర కథ వేరే కాదు. ఆరు గంటలకు తాగిన టీలోని కెఫీన్‌లో సగం, పదకొండు దాకా ఒంట్లోనే తిరుగుతుంటుంది. టీ, కాఫీ పెద్దోళ్ల సంగతి. ఇప్పుడు మీసాలు రాని పిల్లోళ్ల చేతుల్లో ఇరవై రూపాయల ఎర్ర ఎనర్జీ డ్రింకు సీసాలు! ట్యూషన్‌కు ముందొకటి, క్రికెట్టుకు ముందొకటి. పిల్లలకు తగదని ఆ సీసా మీదే చిన్నక్షరాల్లో ఉంటుంది, చదివేదెవరు? అందులో కెఫీన్ నిద్రను తరిమితే, చక్కెర, పులుపు రెండూ కలిసి పంటిని పట్టుకుంటాయి. పైగా గుక్కా గుక్కా గంటసేపు తాగుతారు. ఇంక రాత్రి పదికి బిరియానీ తిని పది నిమిషాలకు పడుకునే పెద్దోళ్లున్నారు. పడుకున్నాక కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది. అది నిద్రనూ చెడగొడుతుంది, రోజూ అయితే పళ్ల లోపలివైపునూ తినేస్తుంది. ‘వయసుతో నిద్ర పట్టడంలేదు మామా’ అని నా దగ్గర వాపోతారు. నలభై ఏళ్లకే ఏం వయసప్పా?

మా కాలమంతా బంగారమని చెప్పను. మా మడకశిర సీమంతా వక్కతోటలే. నేనూ వక్క అమ్మిన డబ్బుతోనే పిల్లల్ని చదివించినా. మా జేజి వక్కాకు నమిలి నమిలి యాభై ఏళ్లకే బోసినోరయింది. వక్క కేన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల కేన్సర్ విభాగం 2004లో తేల్చి చెప్పింది. తోట కొట్టలేదు గానీ, వక్కను పళ్లెంలోకి మాత్రం రానీయను. బావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు పెరిగి, అనంతపురం జిల్లాలో చాలా పల్లెల పిల్లలకు ముందుపళ్ల మీద గోధుమరంగు చారలొచ్చినాయి. అది తిండి తప్పూ కాదు, తోముడు తప్పూ కాదు. 1995లో సత్యసాయి నీళ్ల పథకం వచ్చినాక చాలా ఊర్లు తెరిపిన పడినాయి.

నిద్ర కూడా అంతే. బోర్లొచ్చినాక మమ్మల్ని మేల్కొల్పింది కాఫీ కాదు, త్రీఫేజు కరెంటు. రాత్రి రెండింటికొస్తే టార్చి పట్టుకుని మోటారు కాడికి పోవాల్సిందే. ఇప్పుడు పగలే ఇస్తున్నారు, ఆ పీడ పోయింది. కానీ పదకొండింటికి వంటింట్లో ఫ్రిజ్జు తలుపు చప్పుడవుతుంది.

‘ఏమప్పా, ఈ వేళప్పుడు?’

‘ఆకలి తాతా.’

తొమ్మిదిన్నరకు చిత్రాన్నం తిన్నోడికి ఆకలంట! లేచిపోయి గ్లాసుడు మజ్జిగ ఇచ్చినా. ఒక గుక్క తాగి మొహం చిట్లించినాడు.

‘ఇందులో చక్కెర వేయలేదా?’