ముందు తెలుగులో చెప్పు

మా ఇంగ్లీషు మాస్టారు నోటుబుక్కు దిద్దుతుంటే మేం పక్కన నిలబడాలి. అది ఆయన నియమం. పుస్తకాలు కట్టగట్టి ఇంటికి పట్టుకెళ్లి, ఎర్రసిరా పూసి తెచ్చి బల్లమీద పడేయడం ఆయనకు గిట్టదు. 1968లో, గుంటూరు జిల్లాలో మా హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. సెలవుచీటీలో ‘ఫీవర్ ఈజ్ కమింగ్ టు మీ సిన్స్ టూ డేస్’ అని రాసుకెళ్లాను. ఆయన కలం ఎత్తలేదు.

“ఇది ముందు తెలుగులో చెప్పరా” అన్నారు.

“నాకు రెండు రోజుల నుంచి జ్వరం వస్తోందండీ.”

“మంచి తెలుగు. అక్షరాలే ఇంగ్లీషువి” అన్నారు.

తర్వాత కూర్చోబెట్టి విడమరిచారు. మనకు ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, భయమేస్తుంది. అన్నీ వాటంతట అవే మన దగ్గరికి వస్తాయి, మనం ‘నాకు’ అని ఒక పక్కన నిలబడతాం. ఇంగ్లీషులో మనిషి ముందుకొచ్చి కూర్చుంటాడు: ఐ యామ్ హంగ్రీ, ఐ హ్యావ్ ఎ ఫీవర్. ఇక మన ‘నుంచి’. సోమవారం నుంచి అన్నా, రెండు రోజుల నుంచి అన్నా మనకు ఒకటే మాట. వాళ్లకు మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ఐదు నిమిషాలు పట్టింది. ‘ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’ అని నా చేతే రాయించారు. ఆ రెండు మాటల దగ్గర నేను మళ్లీ తప్పు చెయ్యలేదు.

రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ఆయన బల్లమీద ఎప్పుడూ ఉండేది. సూత్రం అందులో ఉంటుంది. తెలుగు పిల్లవాడి తప్పు ఎక్కడ పుట్టిందో అందులో ఉండదు, అది మాస్టారే చెప్పాలి. ‘హీ ఓన్లీ టోల్డ్’ అంటే ‘వాడే చెప్పాడు’లోని ఏకారం అక్కడ ‘ఓన్లీ’ అయి కూర్చుంది. ‘ఐ విల్ గో అండ్ కమ్’లో వ్యాకరణం తప్పు లేదు, కానీ ఇంగ్లీషువాడు గుమ్మం దగ్గర ఆ మాట అనడు. ‘వెళ్తాను’ అనకూడదన్న పట్టింపు మనది, అందుకే ‘వెళ్లొస్తాను’ అంటాం. ‘మీ నాన్నగారికి నువ్వు ఎన్నోవాడివి’ అన్నదాన్ని ఇంగ్లీషులో అడగమని ఒక పీరియడంతా మమ్మల్ని వదిలేశారు. ‘ఎన్నో’కి వాళ్ల దగ్గర సరైన ఒక్క మాట లేదని చివర్న చెప్పారు. మన భాషలో ఉండి వాళ్లకు లేనిదొకటుందని తెలిసి ఆ రోజు మాకు ఎంత గర్వమో!

నేనూ ఇంగ్లీషు మాస్టారినే అయ్యాను. 1958లో హైదరాబాదులో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, ఇప్పటి ఇఫ్లూ, అప్పటికే టీచర్లకు శిక్షణ ఇస్తోంది. మా ట్రెయినింగులో సబ్‌స్టిట్యూషన్ టేబుల్ నేర్పారు. బోర్డుమీద మూడు నిలువు గడులు, గడికి ఐదేసి మాటలు. ఏ గడిలోంచి ఏది తీసి కలిపినా వాక్యం తప్పు కాదు. మొత్తం 125 వాక్యాలు. నలభైమంది పిల్లలు మూడు విడతలు చెప్పినా, ఎవరూ ఇంకొకరిది చెప్పనవసరం లేకుండా, ఇంకా ఐదు మిగిలేవి. వెనకబెంచీ పిల్లవాడి నోట కూడా తప్పులేని ఇంగ్లీషు పలికేది. ఆ ముఖం చూడాలి!

ఇప్పుడేమో ముప్పై రోజుల్లో ఇంగ్లీషు అని బోర్డులు. మా వీధి కుర్రాడు అలాంటిచోట డబ్బు కట్టి, ‘మైసెల్ఫ్’ అని మొదలయ్యే అరపేజీ బట్టీపట్టి వచ్చాడు. ఆ మొదటి మాటే తప్పని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. మా మనవరాలు ముందు చదివిన బళ్లో తెలుగు మాట్లాడితే జరిమానా. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. తెలుగు నోట రాకూడదంటే, ఇంగ్లీషు తప్పు కింద ఉన్న తెలుగు వాక్యాన్ని ఎవరు చూస్తారు? జ్వరం ఎక్కడుందో చూడకుండా మందిచ్చినట్టే.

ఇక ఫోను. తప్పు కింద గీత పడుతుంది, వేలితో తాకితే వాక్యం మారిపోతుంది. “ఎందుకు మారింది తల్లీ?” అని మనవరాలిని అడిగితే “అదే మార్చింది తాతయ్యా” అంటుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే గీత. దిద్దుబాటు జరుగుతోంది, చదువు జరగడం లేదు.

మొన్న వేసవిలో అమ్మమ్మ గురించి వ్యాసం రాసింది. అందులో ఒక వాక్యం: ‘ఇఫ్ గ్రాండ్‌మదర్ హ్యాండ్ ఫాల్స్, పికిల్ టేస్ట్ ఈజ్ డిఫరెంట్.’ ఫోను దాన్ని ‘మై గ్రాండ్‌మదర్ మేక్స్ డెలీషియస్ పికిల్స్’ చేసేసింది. ఒక్క తప్పూ లేదు. కానీ అలాంటి అమ్మమ్మ ప్రతి ఇంటా ఉంటుంది. పిల్ల రాసినదాంట్లో మా ఇంటి జాడీ ఉంది, ఆవపిండి కలిపే ఆ చెయ్యి ఉంది.

“ముందు తెలుగులో చెప్పమ్మా” అన్నాను.

“అమ్మమ్మ చెయ్యి పడితే పచ్చడి రుచే వేరు.”

“చెయ్యి పడటం ఇంగ్లీషులో కుదరదు. కానీ ఒక పనిలో పాలుంటే వాళ్లు కూడా చెయ్యి ఉందనే అంటారు. ‘హ్యావ్ ఎ హ్యాండ్ ఇన్ ఇట్.’ ఇప్పుడు చూడు.”

ఫోను పక్కన పెట్టి, పెన్సిలు కొరుకుతూ చాలాసేపు కూర్చుంది. మూడు కొట్టివేతల తర్వాత ‘నో పికిల్ టేస్ట్స్ రైట్ అన్‌లెస్ మై గ్రాండ్‌మదర్ హ్యాజ్ హ్యాడ్ ఎ హ్యాండ్ ఇన్ ఇట్’ అని రాసి, వంటింట్లోకి పరిగెత్తి, వాళ్లమ్మమ్మకు తెలుగులో చదివి వినిపించింది.