అటక మీది 40 జీబీ

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగినవాళ్లకు భద్రాచలం కనబడదు. అది కొత్తగూడెం. రాముడి గుడికి అక్కణ్ణుంచి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి. పాల్వంచ దాటాలి, సారపాక దాటాక గోదావరి వంతెన ఎక్కాలి. కొత్తవాళ్లు బోర్డును చూసి తిట్టుకుంటారు, ఊళ్లోవాళ్లు నవ్వుతారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు నా పుట్టుక గుర్తొస్తుంది. నా విషయంలోనూ ముందు బోర్డే పెట్టారు.

నేనొక హార్డ్ డిస్కుని. ప్లేస్టేషన్ 2 అనే ఆటల పెట్టెకు విడిగా కొని తగిలించుకునే సామానుని. 2000 అక్టోబరు 26న అమెరికాలో ఆ పెట్టె అమ్మకానికి వచ్చినప్పుడే దాని వీపున ఒక ఖాళీ అర ఉంది. లోపల ఏమీ లేదు, ప్లాస్టిక్ మూత తప్ప. ఏదో వస్తుందని మాత్రం అందరికీ తెలుసు. ఇక ఊహలు మొదలయ్యాయి. హార్డ్ డిస్క్ వస్తే ఆటలు నెట్‌లోంచి దిగిపోతాయన్నారు. లోడింగ్ కోసం తెర ముందు ఆవలిస్తూ కూర్చునే పని తప్పుతుందన్నారు. పాటలు దాచుకోవచ్చు, మెమరీ కార్డులు పారేయొచ్చు అన్నారు. రాని చుట్టానికి ఇన్ని గుణాలు అంటగడితే, వచ్చాక ఆ చుట్టం గతేమిటి?

2001 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ వచ్చింది. దాని కడుపులో హార్డ్ డిస్క్ ముందే ఉంది. పక్కింటి బిడ్డ పళ్లతో పుట్టినట్టు! జపాన్‌లో మా పెద్దవాళ్లు అదే ఏడాది బయటికొచ్చారు. అమెరికాలో మాత్రం నాకు 2004 మార్చి దాకా ముహూర్తం కుదరలేదు. వంద డాలర్ల లోపే వెల, నలభై జీబీల చోటు. కంప్యూటర్ లెక్కకైతే ముప్ఫై ఏడే. ఈ తేడాకు నన్ను అనుమానించకండి. అమ్మేవాడు జీబీని వందకోట్ల బైట్లుగా కొలుస్తాడు, కంప్యూటర్ కొలపాత్ర కొంచెం పెద్దది.

నేను ఒట్టి కడుపుతో రాలేదు. ఫైనల్ ఫాంటసీ 11 అనే ఆటను కర్మాగారంలోనే నాలో నింపి పంపారు. నెట్ ఉంటేనే నడిచే ఆట అది. అందులో వనాదీల్ అని ఒక లోకం. కొండలు, అడవులు, సముద్రాలు, పడవలు. పేరులో 'వన' ఉందని నాకెప్పుడూ సంబరమే. వాళ్లు ఏ అర్థంతో పెట్టారోగానీ, చివరికి నేను నిజం అడవి అంచుకే చేరాను.

ఆ ఏడాది చివర్లోనే ప్లేస్టేషన్ 2ను సన్నగా చెక్కి కొత్త రూపంలో వదిలారు. దాని వీపున అర లేదు. కోడలి కోసం గది కట్టి నాలుగేళ్లు ఎదురుచూసి, కోడలు కాలు పెట్టిన ఏడాదే గది పడగొట్టినట్టయింది నా పని. యూరప్‌లో, మన దేశంలో ఆటల కోసమని నన్ను అసలు అమ్మనే లేదు. అంటే భద్రాచలంలో నేనుండటమే ఒక వింత.

ఆ వింతకు కారణం డాలస్‌లో ఉండే బాబాయ్. భద్రాచలంలో నేనున్న ఇంటి పిల్లాడు చిన్నోడికి బాబాయ్ కాబట్టి నాకూ బాబాయే. నెలకు పన్నెండు డాలర్ల తొంభై అయిదు సెంట్లు కట్టి రాత్రిళ్లు వనాదీల్లో తిరిగేవాడు. జపాన్ వాళ్లూ అమెరికా వాళ్లూ ఒకే లోకంలో ఆడేవాళ్లు. జాబితాలోంచి మాట ఎంచుకుంటే చాలు, ఎదుటివాడి తెర మీద వాడి భాషలో పడేది. ఆ రెండేళ్లు నేను పుట్టినపని నేను చేశాను. తర్వాత పిన్ని వచ్చింది, పాప వచ్చింది, నెల చందా ఆగిపోయింది. 2009 ఎండాకాలంలో బాబాయ్ ఇంటికొస్తూ నన్ను పెట్టెతో సహా చీరల మధ్య చుట్టి తెచ్చాడు.

చిన్నోడికి అప్పుడు పన్నెండేళ్లు. వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. రూపాయి బిళ్ల పెట్టి నా రెండు మరలు తిప్పి, నన్ను బయటికి లాగి, రెండు చేతుల మీద పెట్టుకుని బరువు చూశాడు.

"ఇందులో ఎన్ని ఆటలు పడతయ్ బాబాయ్?"

"ఎనిమిదో పదో. డిస్క్ అరిగిపోకుండా ఇందులోంచే ఆడుకోవచ్చు."

వాడు విన్నది వేరు. సాయంత్రానికి వీధి మొత్తానికి తెలిసిపోయింది: అమెరికా నుంచి హార్డ్ డిస్క్ వచ్చింది, అందులో లోకంలో ఉన్న ఆటలన్నీ ఉన్నాయి, ఇక సీడీలు కొనే పనే లేదు.

పెట్టె అమెరికాది కాబట్టి దానికి 120 వోల్టుల కరెంటు కావాలి. ఇక్కడ గోడలోంచి వచ్చేది 230. తిన్నగా గుచ్చితే ఒక్క క్షణంలో పొగే. అందుకని వాళ్ల నాన్న ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనుక్కొచ్చాడు. అది తేనెటీగల పట్టులా గుయ్యిమనేది. ఆ గుయ్ ఆగితే కరెంటు పోయినట్టు. ఆ రోజుల్లో రోజూ పోయేది. అప్పుడు నా గుండె ఎంత జారేదో చెప్పలేను. నాలో పళ్లెం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. దాని మీద రాసే తల, వెంట్రుక మందం కూడా లేని గాలిపొర మీద తేలుతూ ఉంటుంది. కరెంటు పోగానే ఆ తల పళ్లాన్ని గీకకముందే తన మూలకు చేరుకోవాలి. 'టక్' అని ఒక చప్పుడు. ఆ చప్పుడు వినబడితే బతికినట్టు. చిన్నోడికి మాత్రం ఆగిపోయిన ఆట మీదే ఏడుపు.

దసరాకి నాయనమ్మ ఆయుధపూజలో నన్నూ కూర్చోబెట్టింది. పక్కన కత్తిపీట, నాన్న స్కూటర్ తాళాలు. పెట్టె నెత్తిన పసుపు, కుంకుమ. గాలి కోసం ఉన్న సందుల్లోంచి కుంకుమ లోపలికి రాలి నా కనెక్టరు పిన్నుల దాకా వచ్చింది. ఇప్పటికీ ఒక మూల ఎర్రగానే ఉంటుంది. పూజ వల్ల నాకు మేలు జరిగిందో కీడు జరిగిందో తేల్చుకోలేదు.

ఇక అసలు గొడవ. అదే 2009లో హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆట బజారుకొచ్చింది. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన మొదటి ప్లేస్టేషన్ 2 ఆట అని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర అనే ఇంకో సంస్థ కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు పెట్టి దేశీ అడ్డా అని ఒకటి చేసింది. మన పక్కన కూర్చునే కుర్రాళ్లు ప్లేస్టేషన్ ఆటలు తయారుచేస్తున్నారంటే చిన్నోడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రాముడి ఊళ్లో ఉంటూ ఆంజనేయుడి ఆట ఆడకపోతే ఎట్టా? నాన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు డిస్క్ పట్టుకొచ్చాడు.

అమెరికాలో కొందరు దేవుణ్ణి బొత్తాలతో ఆడించడం అపచారమని, ఆటను వెనక్కి తీసుకోవాలని అడిగారు. పేపర్లో అది చదివి వినిపిస్తే నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు. "తోలుబొమ్మలాటలో పుల్లలు గుచ్చి ఆడించట్లా? ఆయనకు లేని బాధ వీళ్లకేంది?" అంది. ఈ విషయంలో నేను విన్న తీర్పుల్లో ఇదే గట్టిది.

చిన్నోడు డిస్క్ పెట్టాడు. ఎర్ర తెర పడింది. ప్లేస్టేషన్ డిస్క్ పెట్టమని ఇంగ్లీషులో అడిగింది. తీసి, చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర తెరే. సంగతేమిటంటే మన దేశంలో అమ్మే డిస్కులు యూరప్ వరసవి. అమెరికా పెట్టెకు అవి పరాయివి, చదవదు. హైదరాబాద్‌లో పుట్టిన హనుమంతుడు లంకకైతే దూకాడుగానీ భద్రాచలంలో అమెరికా పెట్టెలోకి రాలేకపోయాడు.

అప్పుడు కొత్తగూడెంలో ఇంజనీరింగ్ చదివే బావ ఒక మాట అన్నాడు. "డిస్క్ డ్రైవుతో పనేందిరా? హార్డ్ డిస్కును కంప్యూటరుకు పెట్టి ఆటను అందులోకి ఎక్కిద్దాం. అక్కణ్ణుంచి ఏ దేశం ఆటైనా నడుస్తది."

బావ చెప్పింది తప్పేమీ కాదు. అలా చేసినవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. కంపెనీ నాకు అప్పజెప్పని పని అదని నాకూ తెలుసు. కానీ డబ్బు పెట్టి కొన్న ఆట కళ్లెదుట ఉండి, ఆడలేక మొహం వేలాడేసుకున్న పిల్లాణ్ణి చూశాక నేను మాత్రం న్యాయశాస్త్రం ఏం మాట్లాడను? సరే పదండన్నాను.

ఖమ్మంలో ఒక కంప్యూటర్ షాపుకు తీసుకెళ్లారు. నన్ను తువ్వాలులో చుట్టి చిన్నోడు ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీ పక్కన వాడు, వాడి ఒళ్లో నేను. కిన్నెరసాని వాగు, పాల్వంచ థర్మల్ గొట్టాలు, టేకు చెట్లు. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా వాడి చేతులు నా చుట్టూ బిగిసేవి. నా జన్మలో నన్ను అంత జాగ్రత్తగా మోసినవాళ్లు లేరు.

షాపు పేరు చెప్పను. షాపతను చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. నన్ను కంప్యూటరుకు తగిలించాడు. విండోస్ నన్ను చూసి, ఎవరో తెలియక, ఒక చిన్న పెట్టె చూపించింది: ఈ డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి, ఓకేనా? నాలో వరస వేరు, విండోస్ చదువుకున్న వరస వేరు. తనకు అర్థంకాని డిస్కును అది ఖాళీ డిస్క్ అనుకుంటుంది. చిన్నోడు "అన్నా, ఏందది?" అనేలోపే అతను ఓకే నొక్కేశాడు.

అంతా కలిపి రాసింది ఒకే ఒక్క సెక్టారు. 512 బైట్లు. అయితే నాలో ఏది ఎక్కడుందో చెప్పే జాబితాకు మొదటి ఆకు అదే. వనాదీల్ కొండలూ అడవులూ వేసినచోటే ఉన్నాయి, బాబాయ్ ఎక్కించిన ఆటలూ కదల్లేదు. ఇంటి నంబరు చెరిపేశారంతే. ఆ సంగతి తెలిసినవాడు దొరికితే అప్పటికీ బాగుచేసేవాడు. అతనికి తెలియదు. "డిస్క్ పోయింది బాబూ, ఫార్మాట్ కొట్టి ఇస్తా, కంప్యూటరులో వాడుకోండి" అన్నాడు. కొట్టాడు. నూట యాభై రూపాయలు తీసుకున్నాడు.

తిరుగు బస్సులో చిన్నోడు నన్ను ఒళ్లో పెట్టుకోలేదు. సంచిలో వేసి కాళ్ల దగ్గర పెట్టాడు.

తర్వాతి కాలం గబగబా చెబుతాను, అందులో చెప్పుకోవాల్సింది తక్కువ. నాన్న నన్ను ఇంట్లో పాత కంప్యూటరుకు రెండో డిస్కుగా బిగించాడు. పాసుపుస్తకం స్కానులు, కరెంటు బిల్లులు, శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో తీసిన ఫొటోలు నాలోకి వచ్చాయి. నాయనమ్మ గోటితో వడ్లు ఒలిచి తలంబ్రాలకు బియ్యం తీస్తున్న వీడియో ఒకటుంది, మూడు నిమిషాల పదకొండు సెకన్లు. మధ్యలో ఆమె కెమెరా వైపు చూసి "ఇంకా తీస్తున్నావా" అంటుంది. అది తీసిన మరుసటి ఏడాది ఆమె పోయింది. ఆ కంప్యూటరు చెడ్డాక నన్ను విప్పి అటక మీద పెట్టారు. 2016 మార్చి 31తో ప్లేస్టేషన్ 2 వాళ్లకు వనాదీల్ దారి మూసేశారట. కంప్యూటర్లలో ఆ ఆట తర్వాతా నడిచింది. అటక మీది నాకు రెండూ ఒకటే.

2022 జులైలో గోదావరి వచ్చింది. నలభై మూడు అడుగులకు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. ఊళ్లో పిల్లలకు ఎక్కాల కన్నా ముందు ఇవి వస్తాయి. ఈసారి మూడూ దాటి, వంతెన మీద రాకపోకలు ఆగి, 16వ తేదీన 71.3 అడుగులైంది. 1986 ఆగస్టులో 75.6 చూసినవాళ్లు, తర్వాత ఇంత నీరు ఇదేనన్నారు. మా వీధిలో నీళ్లు కిటికీ దాకా వచ్చాయి. ప్లేస్టేషన్ బల్ల కింద ఉండేది. ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరూ దాని పక్కనే ఉండేది. రెండూ బురదలో కలిసిపోయాయి. అటక మీద ఇత్తడి బిందెల వెనకున్న నేను తడవలేదు.

నీళ్లు తీశాక చిన్నోడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇరవై అయిదేళ్ల మనిషి, గడ్డం. ఇల్లు కడుగుతూ నన్ను చూశాడు. ఫోన్లలో ఫొటోలు ఫోన్లతోనే పోయాయని, వాళ్లమ్మ నాయనమ్మ ఫొటో కోసం వెతుకుతోంది. నా వెడల్పాటి నలభై పిన్నుల మూతికి సరిపడే తీగ ఇప్పటి కంప్యూటర్లకు ఉండదు. అడాప్టరు తెప్పించి, ఎర్రటి పిన్నులు బ్రష్‌తో తుడిచి, తగిలించాడు. నేను రెండుసార్లు మూలిగి తిరగడం మొదలుపెట్టాను. తలంబ్రాల వీడియో నడిచింది. "ఇంకా తీస్తున్నావా" అనే చోట వాళ్లమ్మ చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

పెట్టె పోయింది కాబట్టి ఇక నేను ఆటల డిస్కును కాను. నాలో ఉన్నదంతా ఇంకో రెండు చోట్ల కాపీ చేశారు. అది మంచి పని. నా వయసు ఇరవై దాటింది, ఏ రోజైనా ఆగిపోవచ్చు.

మీ అటక మీదా నాలాంటిది ఉండే ఉంటుంది. దించి, దుమ్ము తుడిచి, కంప్యూటరుకు పెట్టండి. ఇనిషియలైజ్ చేయమంటావా అని అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కండి.