ఆడలేక మద్దెల కొన్నారు

మన ఊళ్లలో యుద్ధవిద్య నేర్చుకునే వరస మారింది. పూర్వం గురువు కాళ్ల మీద పడి, నెలల తరబడి తాలింఖానా మట్టి తవ్వి, నీళ్లు చల్లి, ఆ తరవాత గానీ పట్టు నేర్చుకునేవాళ్లు కారు. ఇప్పుడు ముందు ఆర్డర్ పెడతారు. పార్సిల్ వచ్చిన రోజు విప్పుతూ వీడియో తీస్తారు. మర్నాడు ఒళ్లు నొప్పులు. మూడో రోజు నుంచి వీరుడు విశ్రాంతిలో ఉంటాడు, సామగ్రి మాత్రం మంచం కింద కఠోర సాధన చేస్తూ ఉంటుంది.

ఆడలేనివాడు మద్దెల ఓడని వంక పెట్టాడట. వాడే నయం. వంకతో సరిపెట్టుకున్నాడు, జేబుకు చిల్లు పెట్టుకోలేదు. నేటి వీరుడు కొత్త మద్దెల కొంటాడు. దాంతోనూ ఆట రాకపోతే ఇంకోటి. అప్పటికీ రాకపోతే ఇంపోర్టెడ్ మద్దెల, నెలవారీ వాయిదాల మీద.

మొహం దగ్గర మొదలుపెడదాం. కంపెనీలూ అక్కడే మొదలుపెడతాయి కదా. నల్లటి రబ్బరు మాస్కు, ముందు గుండ్రటి మూతలు, పెట్టుకుంటే మనిషి చేలో పురుగుమందు కొట్టే కూలీకీ సినిమా విలన్‌కీ మధ్యరకంగా కనిపిస్తాడు. దీన్ని తగిలించుకుని పరిగెడితే కొండల మీద శిక్షణ పొందిన ఫలితం దక్కుతుందని ప్రచారం. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, విశాఖ బీచ్ రోడ్డులోనూ 21 శాతమే. తేడా అంతా పీడనంలో ఉంది. లేహ్‌లో గాలి పీడనం మన తీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులు. అందుకే గుక్కకు రక్తంలో చేరే ఆక్సిజన్ తగ్గుతుంది, వారాల తరబడి అక్కడే ఉంటే ఒళ్లు ఎర్రకణాలు పెంచుకుని సర్దుకుంటుంది. బీచ్ రోడ్డులో మాస్కు పెట్టుకున్నంత మాత్రాన బంగాళాఖాతం మీద పీడనం తగ్గదు. ముక్కుకు అడ్డం పడుతుంది, అంతే. ఊపిరి లాగే కండరాలకు కాస్త పని పెరగొచ్చు, కాదనను. కానీ ఊపిరాడక పరుగు నిదానిస్తుంది. నిదానించిన పరుగుతో దమ్ము పెరుగుతుందని నమ్మాలంటే మాస్కుతో పాటు కళ్లకు గంతలు కూడా కొనుక్కోవాలి.

ఈ కోవలోనే ఒకప్పుడు చేతికి వేసుకుంటే బలమూ నిలకడా పెరుగుతాయన్న రబ్బరు కంకణాలు ఊరేగాయి. 2010 చివర్లో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ నిలదీస్తే, తమ మాటలకు నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని పవర్ బ్యాలెన్స్ కంపెనీయే ఒప్పుకుంది, డబ్బు వాపసు ఇస్తామంది. మనవాళ్లు వాపసు అడిగే రకం కాదు. తాయెత్తు పక్కన అదీ ఉంచేసుకున్నారు.

తరవాతి దృశ్యానికి ఏ పార్కుకైనా పొద్దున్నే వెళ్లండి. రెండు చేతుల్లో రెండేసి కిలోల డంబెల్స్ పట్టుకుని గాలిని చితకబాదుతుంటాడో యువకుడు. బరువు కిందికి లాగుతుంది, ప్రత్యర్థి దవడేమో ఎదురుగా ఉంటుంది. ఈ చిన్న సంగతి న్యూటన్ చెప్పినా డంబెల్ కంపెనీ చెప్పదు. కాబట్టి ఈ కసరత్తులో గట్టిపడేది చేతులు జారిపోకుండా పట్టుకునే భుజం ముందుభాగం. గుద్దుకు ఒరిగేది తక్కువ. నెలంతా శ్రద్ధగా చేస్తే నిదానంగా గుద్దడంలో మంచి ప్రావీణ్యం వస్తుంది. గుద్దు పుట్టేది పాదం నేలను తన్నిన చోట. అక్కణ్నుంచి తుంటి తిరిగి, నడుము మీదుగా భుజానికి పాకి, పిడికిలి దాకా వస్తుంది. దానికి బలం కావాలనుకునేవాడికి స్క్వాట్లున్నాయి, డెడ్‌లిఫ్టులున్నాయి, మెడిసిన్ బాల్‌ని గోడకేసి బలంగా విసరడం ఉంది. వీటికి లైకులు రావు, అదొక్కటే లోపం.

చీలమండలకు ఇసుక పట్టీలు కట్టుకుని గాలిలో తన్నేవాళ్లది ఇంకో మెట్టు పైన. కాలు పూర్తిగా చాచాక తన్ను ఆగుతుంది, పట్టీలోని బరువు మాత్రం తన దారిన తాను పోదామని చూస్తుంది. దాన్ని ఆపే బాధ్యత మోకాలి కీలు మీద పడుతుంది. ఆ కీలు ఎంతకాలం ఓర్చుకుంటుందో ఎముకల డాక్టరు గారు తీరిగ్గా చెబుతారు.

ఇక బస్తా. దీని దగ్గర కాసేపు కూర్చోవాలి, మన జాతి సృజన అంతా ఇక్కడే వెల్లువెత్తుతుంది. పంచింగ్ బ్యాగు ఇంత చవకా అని ఆశ్చర్యపోయి ఆర్డర్ పెడతారు. బొమ్మలో నిండుగా, గర్భిణిలా కళకళలాడుతూ ఉంటుంది. పక్కన చీమంత అక్షరాల్లో ‘అన్‌ఫిల్డ్’ అని ఉన్నది ఎవరి కంటికీ ఆనదు. పార్సిల్ విప్పితే మడతపెట్టిన రెక్సిన్ తొడుగూ నాలుగు గొలుసులూ బయటపడతాయి. ఇంటిల్లిపాదీ సమావేశమవుతారు. ఇసుక పోద్దామంటాడు బాబాయి. పోస్తారు. ఇసుక కిందికి దిగి, దిగినకొద్దీ బిగుసుకుని, వారం తిరిగేసరికి అడుగుభాగం దిమ్మ కడుతుంది. ఆ మర్నాడు మణికట్టుకు క్రేప్ బ్యాండేజీ. ఇసుక తీసేసి అమ్మ పాత చీరలు, నాన్నగారి లుంగీలు మడతలు విప్పకుండా కుక్కుతారు. నెలకల్లా గుడ్డలన్నీ కిందికి జారి పైన డొల్ల, కింద గట్టి. మొహం ఎత్తులో కొడితే పిడికిలి లోపలికి కూరుకుపోతుంది, తొడ ఎత్తులో తంతే మోకాలి కింది ఎముక కేకపెడుతుంది. మధ్యలో ఎక్కడో మిగిలిపోయిన జాకెట్టు హుక్కు ఒకటి తొడుగును చీల్చుకుని తొంగిచూస్తుంది.

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. గుండీలు, జిప్పులు తీసేసి, గుడ్డల్ని చిన్న ముక్కలుగా కత్తిరించి, వరసవరసకీ రోకలిబండతో దట్టించాలి. బరువు చాలకపోతే చిన్న సంచుల్లో ఇసుక కట్టి నడిమధ్యలో పెట్టాలి, చుట్టూ గుడ్డే తగలాలి. బస్తా బరువు మన బరువులో సగం దరిదాపుల్లో ఉండాలన్నది బాక్సింగ్ జిమ్ముల్లో పాతమాట. 70 కిలోల మనిషికి ముప్పయ్యయిదు. పదిహేను కిలోల బస్తా కొన్నవాడు ఒక గుద్దు గుద్ది, అది ఊగిసలాట మానేదాకా నిలబడి చూస్తూ ఉంటాడు. పొడవు సంగతి సరేసరి. కాళ్లతో తన్నే విద్యకు ఆరడుగుల బస్తా కావాలి. మూడడుగులది మొహం ఎత్తున వేలాడదీసి ముయ్ థాయ్ నేర్చుకునేవాడు, తొడ మీద తన్నాల్సిన తన్నులన్నీ గాలికి సమర్పించుకుంటాడు.

వేలాడదీయడం మరో ఘట్టం. హాల్లో ఫ్యాను విప్పి ఆ కొక్కేనికే తగిలిస్తారు. నాలుగైదు కిలోల ఫ్యానును నిశ్చలంగా మొయ్యడానికి పెట్టిన కొక్కెం అది. ముప్పయ్యయిదు కిలోలు అటూ ఇటూ ఊగుతూ కుదుపుతుంటే పడే భారం లెక్క వేరు. పైగా మన శ్లాబే పైవాళ్ల గచ్చు. ప్రతి గుద్దూ పై ఫ్లోరు ఆంటీ గారి మంచం కోళ్లకు అందుతుంది. అలా మన యోధుడికి తొలి ప్రత్యర్థి దొరుకుతుంది. ఆ పోటీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరుగుతుంది, రౌండ్ల లెక్క ఉండదు.

గ్లవ్స్ మీద డ్రాగన్ బొమ్మ ఉందా లేదా అని చూసి కొంటారు. ఎన్ని ఔన్సులని అడిగితే ‘పదహారు’ అంటారు గర్వంగా, అంకె పెద్దదైతే మగతనం పెద్దదన్నట్టు. పదహారు ఔన్సులవి స్పారింగులో ఎదుటివాడి మొహాన్ని కాపాడ్డానికి వాడేవని తెలిస్తే కాస్త నొచ్చుకుంటారు. లోపల వేళ్ల ఎముకల్ని, మణికట్టునీ కలిపి కట్టే నాలుగున్నర మీటర్ల చేతిపట్టీ మాత్రం కొనరు. అది గ్లవ్ లోపల దాగుంటుంది కదా, కనపడని దానికి డబ్బెందుకు?

ఇదంతా కుర్రకారు అమాయకత్వమని సరిపెట్టుకుందామంటే వెనక మాస్టారు నిలబడి ఉన్నారు. నాలుగో వీధి అకాడమీలో చేరిన రోజే కిట్టు అంటగడతారు. లోగో వేసిన డ్రెస్సు, లోగో వేసిన బ్యాగు, లోగో వేసిన నంచాకూ. బయట కొంటే ‘క్వాలిటీ ఉండదండీ’. అకాడమీలో కొంటే బిల్లుండదు. ఎనిమిదేళ్ల పిల్లాడి చేతికి పెద్దవాళ్ల గ్లవ్స్ తొడిగి, వాడు చేతులెత్తలేక తంటాలు పడుతుంటే ‘స్టామినా తక్కువ మేడమ్, ప్రోటీన్ పెట్టండి’ అని తల్లికి సలహా ఇస్తారు. ప్రోటీన్ డబ్బా ఎవరమ్ముతారో వేరే చెప్పక్కర్లేదు.

మాస్టారి గోడ మీద బ్రూస్ లీ పోస్టరు తప్పనిసరి. ఆ బ్రూస్ లీయే 1970లో సుమారు అరవై కిలోల బార్‌ను భుజాల మీద పెట్టుకుని, ఒళ్లు సరిగ్గా వేడెక్కకుండానే ముందుకు వంగే వ్యాయామం చేసి నడుము దెబ్బతీసుకున్నాడనీ, నెలల పాటు మంచం పట్టాడనీ ఏ మాస్టారూ పిల్లలకు చెప్పగా నేను వినలేదు. చెప్తే పోస్టరు విలువ తగ్గుతుందని కాబోలు.

ఏమీ కొననివాళ్లు కూడా ఉన్నారు. వీళ్లది ఇంకో రకం జబ్బు. డంబెల్ కనపడితే చాలు, ‘మా తాతలు ఇవన్నీ వాడారా? కోడి రామ్మూర్తి ఏ జిమ్ముకెళ్లాడోయ్?’ అని అందుకుంటారు. వీరఘట్టంలో పుట్టిన రామ్మూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనప గొలుసులు ఊపిరి బిగించి తెంచిన మాట, కార్లను ఆపిన మాట, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్న మాట నిజమే. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామవిద్య చదువుకుని విజయనగరంలో పాఠం చెప్పిన మాట కూడా నిజమే. తాతల పేరు చెప్పి టీ తాగేవాళ్లకు ఈ రెండో నిజం గుర్తుండదు. పైగా రోజుకు వెయ్యి బస్కీలని చెప్పి పిల్లల మోకాళ్లు అరగదీసే గురువులు ఈ బ్యాచ్‌లోనే ఎక్కువ.

తాతలు సామగ్రి వాడలేదని ఎవరు చెప్పారు? ఉత్తరాంధ్రలో పండగలకు ఇప్పటికీ సంగిడి రాళ్లు ఎత్తే పోటీలున్నాయి. పహిల్వాన్లు గద తిప్పింది హనుమంతుడి వేషం కోసం కాదు. పొడుగు కర్ర చివర బరువును వీపు వెనక నుంచి తిప్పి తెచ్చేటప్పుడు భుజం, పట్టు, నడుము ఒకేసారి పనిచేస్తాయి. కుస్తీలో మెడ పట్టి లాగేవాడికి కావాల్సింది సరిగ్గా అదే. చేతికొకటి పట్టుకుని తిప్పే మన ముద్గరాలను ఇంగ్లిషువాళ్లు చూసి ముచ్చటపడి పట్టుకుపోయారు. అవి వాళ్ల వ్యాయామశాలల్లో తిరిగి తిరిగి 1904, 1932 ఒలింపిక్స్‌లో పోటీ అంశం కూడా అయ్యాయి. ఇప్పుడు ‘స్టీల్ మేస్’ అని ఇంగ్లిషు పేరు తగిలించుకుని మన గదే మనకు వేలల్లో అమ్ముడుపోతోంది. ఊళ్లో వడ్రంగి చేసిస్తానంటే నామోషీ.

ఒకినావా కరాటేవాళ్లనూ చూడండి. కర్రకు గుచ్చిన రాయి ఒకటి, అంచు పట్టి ఎత్తే ఇసుక కుండలు రెండు, గడ్డి చుట్టి నేలలో పాతిన పలక ఒకటి. దగ్గరికొచ్చి పట్టుకుని కొట్టే విద్య వాళ్లది, అందుకే వేళ్లకూ మణికట్టుకూ పని చెప్పే వస్తువులు చేసుకున్నారు. ముందు పోరు ఏమిటో తెలిసింది, తరవాత వస్తువు వచ్చింది. అక్కడి గోజు ర్యూ కరాటే శాఖ గురువు మియాగి చోజున్ 1930లలో హవాయి వెళ్లినప్పుడు అక్కడి కుస్తీవాళ్ల దగ్గర బరువైన ఇనప చట్రం చూసి, పనికొస్తుందని తన విద్యలో కలుపుకున్నాడు. పరాయిదని వదల్లేదు, మెరుస్తోందని ఎగబడలేదు.

మన కొనుగోలుదారుణ్ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: నీ పోటీ ఎంతసేపయ్యా? నీళ్లు నములుతాడు. ఒలింపిక్ బాక్సింగ్ మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. తైక్వాండో మూడు రౌండ్లు, రెండేసి నిమిషాలు. ఫ్రీస్టయిల్ కుస్తీ మూడేసి నిమిషాలు రెండుసార్లు, మధ్యలో ముప్పై సెకన్ల విరామం. జూడో నాలుగు నిమిషాలు, తేలకపోతే గోల్డెన్ స్కోరులో తేలేదాకా. ట్రెడ్‌మిల్ మీద పాటలు వింటూ గంటసేపు నడిచినవాడికి గుండె బాగుంటుంది, సంతోషం. కానీ కుస్తీ మ్యాట్ మీద రెండో నిమిషంలో ముంజేతులు మొద్దుబారి పట్టు జారేటప్పుడు ఆ పాటలు అక్కరకు రావు. అక్కడ కావాల్సింది బార్ మీద వేసిన తువ్వాలు పట్టుకుని తీసిన పుల్‌అప్‌లు, ఎక్కిన తాడు, భుజాన వేసుకుని ఉరికిన ఇసుక మూట, మూడు నిమిషాలు ఆడి ముప్పై సెకన్లు ఆగే లెక్క. గంట కొట్టే టైమరు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. జూడోవాళ్లు విసుర్ల సాధనకు పాత సైకిల్ ట్యూబును స్తంభానికి కట్టి లాగుతారు. ఏ పంక్చర్ షాపులో అడిగినా ఊరికే ఇస్తాడు. అదే రబ్బరుకు రంగేసి, రెండు చివర్లా పిడులు బిగించి అట్టపెట్టెలో పెడితే దానికి ‘కాంబాట్ రెసిస్టెన్స్ సిస్టమ్’ అని పేరు వస్తుంది, పేరుతో పాటు ధరా వస్తుంది.

ఇన్ని కొన్నవాడి సంచీ దులిపి చూస్తే ఒక వస్తువు మాత్రం కనపడదు. పళ్ల కవచం. వేడినీళ్లలో మెత్తబరిచి కొరికితే పళ్లకు అచ్చు కూర్చుంటుంది, మామూలు రకం రెండు మూడు వందల్లో వస్తుంది. షాపువాడు అడుగు అరలోంచి దుమ్ము దులిపి తీయాలి, అడిగేవాళ్లు అంత తక్కువ. ముందు పన్ను సగం విరిగిన ఒక కుర్రాణ్ని, ఇంత సామాను కొన్నావు, అదెందుకు కొనలేదు నాయనా అని అడిగాను.

‘అది పెట్టుకుంటే రీల్‌లో వాయిస్ క్లియర్‌గా రాదన్నా’ అన్నాడు, మిగిలిన పళ్లన్నీ చూపిస్తూ.