నరం మీద మోపిన నేరం

చిటికెన వేలూ ఉంగరపు వేలూ అరచేతి వైపు వంగిపోయి మళ్లీ చాపడానికి రానప్పుడు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో రోగనిర్ధారణ ఆసుపత్రి కంటే ముందే హోటల్ బల్ల దగ్గర జరిగిపోతుంది. “నరం గుంజింది” అని ఒకరు తేల్చగానే, ఏ నూనెతో మర్దన చేయాలో చెప్పేవారు ఇద్దరు ముగ్గురు తయారవుతారు. దీన్ని నాటు మాటగా కొట్టిపారేయడం న్యాయం కాదు. బాసెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ 1614లో ఇదే వ్యాధిని వర్ణిస్తూ, వేళ్లను ముడిచే స్నాయువుల మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే కట్ల మీద, నేరం మోపాడు.

నిజానికి నరమూ స్నాయువూ రెండూ నిర్దోషులే. అరచేతి చర్మం కింద ఉండే పీచుపొర ఏళ్ల తరబడి మందమై, మొదట చిన్న గడ్డగానూ ఆపై బిగుసుకున్న తాడుగానూ మారి వేలిని లోపలికి లాగుతుంది. లండన్‌లో హెన్రీ క్లైన్ 1777లోనే ఈ పొరను అనుమానించినా, 1831లో పారిస్‌లో శస్త్రచికిత్స చేసి ఉపన్యసించిన డూపుయిట్రెన్ పేరే వ్యాధికి స్థిరపడింది; దుక్కి ఒకరు దున్నితే పట్టా మరొకరి పేర రావడం సాగర్ ఎడమ కాలువ ఆయకట్టువారికి కొత్త సంగతేమీ కాదు.

వంశపారంపర్యం దీనికి ప్రధాన కారణం. ఉత్తర ఐరోపా సంతతిలో ఎక్కువ. బ్రిటన్ ప్రధాని థాచర్ 1986లో, అమెరికా అధ్యక్షుడు రీగన్ 1989లో ఇందుకే చేతికి ఆపరేషన్ చేయించుకున్నారు. మన దేశంలో అరుదు, అయితే వయసు, మధుమేహం, పొగ, మద్యం తోడైతే ఇక్కడి చేతినీ వదలదు. మిర్యాలగూడ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవారికే వస్తుందన్న నియమం లేదు, వాటిని లెక్కపెట్టే గుమాస్తాకూ రావచ్చు. అరచేతిని బల్ల మీద బోర్లించినప్పుడు పూర్తిగా ఆనకపోవడం, నమస్కారంలో ఒక వేలు కలవనని మొరాయించడం దీని గుర్తులు. వంగిన వేలు అడ్డుపడి చేయి జేబులోకి పోకపోవడం కూడా వైద్యగ్రంథాలు ఒప్పుకున్న లక్షణమే కానీ, టీ బిల్లు వచ్చిన వేళ కోదాడ మిత్రులు దాన్ని ఒప్పుకుంటారన్న పూచీ లేదు.

మర్దనతో గానీ లాగడంతో గానీ ఈ తాడు సాగదు. చేయి బల్లకు ఆనుతున్నంతకాలం వేచి చూస్తారు. ముదిరితే సూదితో తాడును తెంపుతారు, 2010లో అమెరికా అనుమతించిన ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరిగిస్తారు, లేదా పొరను కోసి తీస్తారు. తీసినా తిరిగి రావచ్చు.

ఈ ఊళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం దీని దగ్గరి పోలికైన ట్రిగ్గర్ ఫింగర్: స్నాయువు జారే గొట్టపు ముఖద్వారం ఇరుకై, ముడిచిన వేలు పొద్దున్నే అక్కడే చిక్కుకుని, రెండో చేత్తో లాగితే ‘టక్’మని తెరుచుకుంటుంది. ఇక్కడ స్నాయువుకు కొంత సంబంధం ఉంది గనుక హోటల్ బల్ల సగం గెలిచినట్టే. మధుమేహులకు ఇది మరీ ఎక్కువ. దీనికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొద్దిరోజులు చక్కెరను పెంచుతుంది కూడా, కాబట్టి వంగిన వేలు చూపించుకోవడానికి వెళ్లినవారు రక్తపు చుక్క కోసం ముందుగా పక్క వేలు చాపవలసి వస్తుంది.