ఏటికి మూత: లండన్ లార్డ్ మేయరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ లార్డ్ మేయరు గారి సముఖమునకు,

విషయం: ఫ్లీట్ నది కంపు గురించి.
సూచిక: 1290లో వైట్‌ఫ్రయర్స్ మఠం సన్యాసులు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

ఆ అర్జీ పెట్టుకున్నది తమరికి కాదు, రాజుగారికి. ఏటి కంపు ముందు పూజలో వేసే సాంబ్రాణి కూడా ఆనడం లేదనీ, తమలో కొందరు ఆ గాలి పీల్చే పోయారనీ సన్యాసుల మొర. అయినా ఊరి ఏటి సంగతి ఊరిపెద్దకే చెప్పుకోవాలి గనక ఈ ఉత్తరం తమరికి రాస్తున్నాను.

ఆ తర్వాత 1307లో లింకన్ ప్రభువు హెన్రీ డి లేసీ అందుకున్నాడు. ఒకప్పుడు పదీ పన్నెండు ఓడలు సరుకులతో ఫ్లీట్ వంతెన దాకా వచ్చేవట. తోళ్లు పదును చేసేవాళ్ల చెత్త పడీ, మరలకు నీళ్లు మళ్లించీ ఏరు పూడిపోయిందన్నాడు. 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత రెన్, హుక్ లాంటి వాస్తు ఉద్దండులు రాతి ఒడ్లు కట్టి, రేవులు వేసి, 1674కల్లా దాన్ని వెనిస్ కాలువలా తీర్చిదిద్దారు. కట్టడం బాగానే కట్టారు. పెట్టిన డబ్బు మాత్రం రాలేదు, బురద మళ్లీ పేరుకుంది.

కవులకు మాత్రం బాగా కలిసొచ్చింది లెండి. స్విఫ్ట్ 1710లో వాన మీద రాస్తూ ఈ ఏట్లో కొట్టుకొచ్చే కళేబరాలన్నీ ఏకరువు పెట్టాడు. పోప్ 1728లో తనకు గిట్టని రాతగాళ్లను ఈ బురదలోకే దూకించి పందెం పెట్టాడు.

ఇక తమ పూర్వికుల ఘనకార్యం. హోల్బర్న్ వంతెన నుంచి ఫ్లీట్ వంతెన దాకా ఏటిమీద కమాను కట్టించి, దాని మీద 1737లో సంత తెరిచారు. మా ఊళ్లో మురుగు కాలువ మీద బండలు పరిచి బడ్డీకొట్టు పెట్టుకుంటారు. అది మా సొంత తెలివే అనుకునేవాణ్ని, సిగ్గుపడ్డాను. థేమ్స్ దాకా మిగిలిన ముక్కనూ 1766లో కప్పేశారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. తమవాళ్లు ఏటినే పూడ్చారు.

కంపు పోయిందా అంటే, ముక్కుకు పోయింది. అడుగున ఏరు అలాగే ఉంది. 1846లో లోపల పట్టిన వాయువు పేలి మూత ఎగిరింది. క్లార్కెన్‌వెల్‌లో ఇళ్లు కొట్టుకుపోయాయి, థేమ్స్ మీద ఓ ఆవిరి పడవ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెనకు కొట్టుకుంది. పోయినవి ఎవరి ఇళ్లనుకున్నారు? పేదలవే. 1862 జూన్‌లో ఏరు, ఇంకా పట్టాలెక్కని మెట్రోపాలిటన్ భూగర్భ రైలు తవ్వకంలోకి గోడ బద్దలు కొట్టుకుని దూకింది. రైలు 1863 జనవరిలో నడిచింది. దాని పక్కనే, ఇనప గొట్టాల, ఇటుకల మధ్య, ఏరూ నడుస్తోంది.

ఇప్పుడు ఎగువన హాంప్‌స్టెడ్ హీత్ చెరువుల్లో జనం ఈతలు కొడతారు. దిగువన అదే ఏటి పేరు మురుగు కాలువ. రే స్ట్రీట్‌లో ఒక సారాకొట్టు ముందు ఇనప జాలీ ఉంది. బళ్ల రొద లేనప్పుడు వంగి చెవి పెడితే గలగలా నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. పత్రికలకు మారుపేరైన ఫ్లీట్ స్ట్రీట్ ఈ ఏటి పేరు పెట్టుకునే బతికింది.

వానొస్తే పొంగి థేమ్స్‌లో పడే ఆ మురుగును పట్టడానికి 25 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 2025లో అన్ని కాలువలూ కలిపారట. సంతోషం. ఆ లెక్కన 1290 అర్జీ మీద చర్య మొదలైనట్టే. వెంటనే జవాబు రాయించండి. మఠం 1538లోనే మూతపడింది కాబట్టి చిరునామా దొరకదు. అలాగని కాగితం చుట్టి ఆ జాలీలో వేయించకండి, ఏట్లో ఇప్పటికే చాలా వేశారు.

ఇట్లు,
మురుగు కాలువ పక్కన పుట్టిపెరిగిన ఒక విధేయుడు